అమ్మమ్మగారి రాగి పెనం: నాలుగేళ్లు వాడాక

మా ఆవిడది జపాన్‌లోని నీగాతా. వాళ్ల అమ్మమ్మగారి సామాన్లు పంచుకున్నప్పుడు పింగాణీ అంతా మిగతావాళ్లు తీసుకోగా, మా వాటాకి రెండు రాగివి వచ్చాయి. ఒకటి అక్కడి త్సుబామె ఊళ్లో అతుకు లేకుండా రాగి రేకుని సుత్తితో కొట్టి చేసిన కెటిల్. చూడ్డానికి బావుంటుంది, అలమరలో కూర్చుంటుంది. రోజూ పొయ్యెక్కేది రెండోది, గుడ్డు చుట్టలు, అదే తమగోయాకి వేసే నలుచదరపు పెనం.

లోపల తగరం పూత, మన కళాయే. రాగిలో వేడి ఇనుములో కంటే దాదాపు అయిదు రెట్లు బాగా పాకుతుందంటారు. నాకు తెలిసిందల్లా, సొన పోయగానే మధ్యలోనూ మూలల్లోనూ ఒకేసారి బుడగలు లేస్తాయి. ఒక్క మాడు మచ్చ పడదు. నాన్‌స్టిక్ దీని కాలిగోటికి కూడా సరిపోదని రెండేళ్లపాటు కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

ఒక ఆదివారం పెనం పొయ్యి మీద పెట్టానో లేదో, గుంటూరు నుంచి అమ్మ వీడియో కాల్. ఆవకాయ పార్సిల్ కబుర్లలో పడి వెనక్కి తిరిగేసరికి పెనంలో వెండి పూసలు. కదిపితే పాదరసంలా దొర్లుతున్నాయి. ఒక మూల ఎర్రగా రాగి తేలింది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది మరి. ఫోన్ తిప్పి చూపించాను.

"కళాయి పోయిందిరా! ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి ఎవడన్నా కబుర్లు చెప్తాడా?"

చిన్నప్పుడైతే కళాయివాడు వీధిలోకే వచ్చేవాడు, నవాసారం పొగతో ముక్కు మండేది. ఇక్కడ పార్సిల్ కట్టి ఒక దుకాణానికి పంపాను. ఆరు వారాలన్నారు, నాలుగు నెలలు పట్టింది. పూత బాగానే వేశారు. కానీ అడక్కుండా బయటవైపు కూడా మెరుగుపెట్టారు! అమ్మమ్మగారి చేతుల్లో ఏళ్ల తరబడి ముదిరిన ఆ గోధుమరంగు పోయి, కొత్త పైసాలా తళతళా వచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు. చెక్క పిడి మీద పాత కాలిన మచ్చని బొటనవేలితో వెతుక్కుని, ఉందని చూసుకుని, గూట్లో పెట్టేసింది. ఆ దుకాణం మీద కోపం నాకింకా తగ్గలేదు.

అంటుకోదని ఊరంతా చెప్పాను కదా, పొర పొరకీ నూనె గుడ్డ అద్దితేనే అంటుకోదు. సబ్బు పెట్టి తోమిన మర్నాడు అంటుకుంటుంది.

కొనుక్కోమంటారా అంటే, మాకు గ్యాస్ పొయ్యి ఉంది, పొద్దున కాస్త తీరిక ఉంది, పైగా ఇది ఊరికే వచ్చింది. మామూలు ఇండక్షన్ మీద రాగి పనికిరాదు. వచ్చే ఏడాది మారబోయే ఇంట్లో ఇండక్షనే అట, అప్పుడు ఇదీ కెటిల్ పక్కన చేరుతుందేమో. ఈలోపు అమ్మ ఫోన్ చేస్తే ముందు పొయ్యి కట్టేసి ఎత్తుతున్నాను.