యూకే స్పౌజ్ వీసా ఫైలు కన్సల్టెంట్ చేతిలో పెట్టేముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం రిఫ్యూజల్ లెటర్ వచ్చింది. కడుపు మంట ఇంకా చల్లారలేదు. తమ్ముడు బ్రిటిష్ సిటిజన్, మరదలు హైదరాబాద్‌లో ఉంది. ఫైలు ఒక కన్సల్టెంట్‌కి అప్పగించాం. ఎలాంటి వాళ్లో మీకు తెలుసు, "వీసా గ్యారంటీ" అని బోర్డు పెట్టుకునే రకం.

ఎక్కడ ముంచాడో చెప్తాను. యూకేలో ఉన్న భర్త (లేదా భార్య) సంపాదన ఏడాదికి 29,000 పౌండ్లు చూపించాలి. 2024 ఏప్రిల్ 11 నుంచి ఇదే రూలు. కానీ జీతం 29,000 దాటగానే అయిపోదు, ఆ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయిందన్నది చూస్తారు. ఒకే కంపెనీలో ఆరు నెలలు నిండితే కేటగిరీ ఎ. ఆరు నెలల పేస్లిప్పులు, ఆ జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కంపెనీ లెటర్ పెట్టాలి. ఆ ఆరు నెలల్లో జీతం ఒకసారి తక్కువుంటే ఆ తక్కువదే లెక్క. ఆరు నెలలు నిండకపోతే కేటగిరీ బి. ఇప్పటి జీతమూ 29,000 ఉండాలి, గడిచిన 12 నెలల్లో నిజంగా సంపాదించింది కూడా ట్యాక్సు కోయకముందు లెక్కన అంత ఉండాలి. దానికి 12 నెలల కాగితాలు కావాలి.

తమ్ముడు ఉద్యోగం మారి నాలుగు నెలలే. పాత కంపెనీవి ఎనిమిది, కొత్తవి నాలుగు, మొత్తం 12 పేస్లిప్పులూ ఇచ్చాం. ఆ మనిషి మా ముందే క్లిప్పు తీసి, పాత ఎనిమిదీ పక్కన పెట్టి, పై కాగితం మీద పెన్సిల్‌తో "వద్దు" అని రాసి వెనక్కిచ్చాడు. "ఎక్కువ కాగితాలు పెడితే ఆఫీసర్‌కి లేనిపోని డౌట్లొస్తాయండీ" అన్నాడు. నిన్న ఫోన్ చేస్తే, "మీరు పేపర్లు పూర్తిగా ఇవ్వలేదు కదండీ!" ఆ మాట అంటున్నప్పుడు ఆ ఎనిమిదీ నా చేతిలోనే ఉన్నాయి. పెన్సిల్ రాత చెరగను కూడా లేదు. ఆ రోజే రూల్సు తెరిచి ఒక్కసారి చూసుకోవాల్సింది. చూసుకోలేదు, అది మా తప్పే.

అప్లికేషన్ ఫీజు పోయినట్టే. హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టేది) 3,105 పౌండ్లు వెనక్కిస్తారు, కానీ ఏ కార్డుతో కడితే ఆ కార్డుకే. కన్సల్టెంట్ కార్డుతో మాత్రం కట్టించకండి.

ఇంత చేసి మళ్లీ సలహా ఒకటి: "విజిట్ వీసా మీద పంపించేయండి, అక్కడికెళ్లాక స్పౌజ్‌కి మార్పిద్దాం." దయచేసి ఈ మాట ఎవరు చెప్పినా వినకండి. విజిటర్‌గా వెళ్లినవాళ్లు దేశం లోపల స్పౌజ్ వీసాకి మారడం కుదరదు. ఉండిపోయే ఉద్దేశం దాచిపెట్టి అప్లై చేసి, అది మోసమని తేలితే పదేళ్ల బ్యాన్ పడొచ్చు. పెళ్లయిన కొత్తలో ఒక జంటకి పదేళ్లంటే ఏంటో ఆ మనిషికి పట్టదు.

ఇంకో రెండు మూడు సంగతులు. ఇండియాలో ఉన్న మనిషికి ఇక్కడ వచ్చే జీతం, బంగారం, ఊళ్లో స్థలం కాగితాలు ఆ 29,000లోకి రావు. జీతం లేకుండా పొదుపు మీదే వెళ్లాలంటే 88,500 పౌండ్లు ఆరు నెలలుగా అకౌంట్లో ఉండాలి. చివరి బ్యాంక్ స్టేట్‌మెంట్ తేదీ అప్లై చేసే రోజుకి 28 రోజుల లోపుండాలి. మామూలు ఐఈఎల్‌టీఎస్ చెల్లదు, యూకేవీఐ (యూకే వీసాల విభాగం) కోసం రాసేదే కావాలి, అందులో లైఫ్ స్కిల్స్ అనే పరీక్ష ఎ1 స్థాయిలో పాసైతే చాలు. టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలే పనికొస్తుంది.

యూకేలో సలహా ఇచ్చేవాళ్లయితే ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ (వీసా సలహాదారుల్ని నమోదు చేసే అక్కడి సంస్థ) రిజిస్టర్‌లో పేరుందో, లేదా సొలిసిటరో (అక్కడి లాయరు) చూడండి. రిఫ్యూజ్ అయితే యూకే బయటి నుంచి అప్పీలుకి 28 రోజులే గడువు, లెటర్ రాగానే తేదీ రాసిపెట్టుకోండి. మేం అప్పీలుకి వెళ్లట్లేదు. తమ్ముడికి ఆరు నెలలు నిండేదాకా ఆగకుండా, 12 నెలల కాగితాలతో కేటగిరీ బి కిందే మళ్లీ వేస్తున్నాం.