జిప్సీ ఎగురుడు, యాక్సిలరేటర్ కుదుపు: రెండూ కలిసే పోతాయి

పాత మారుతి జిప్సీ కింగ్ జీపు నడిపేవాళ్లు ఎవర్ని అడిగినా రెండు బాధలు చెబుతారు. ఖాళీ బండి గుంతలో పడితే బంతిలా లేస్తుంది. ఒకటి, రెండు గేర్లలో యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా కుదిపేస్తుంది. మొదటిదానికి కమాన్ కట్టల్ని (ఇనప పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగుల్ని), రెండోదానికి ఇంజన్‌ని తప్పుపట్టి విడివిడిగా డబ్బు పోస్తారు. ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్ ఇంజెక్షన్) ఉన్న నా బండికి కింద చెప్పే పనులన్నీ చేశాక ముప్పై వేల కిలోమీటర్లు తిరిగాను. నాకు తేలింది ఏమిటంటే, ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. బండి ఎగిరితే మడమ నిలవదు. మడమ నిలవకపోతే పాదం పెడల్‌ని తొక్కుతూ వదులుతూ ఉంటుంది. దాంతో బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఆ ఊపుకి పాదం మళ్లీ కదులుతుంది. అందుకే ముందు బండి కింది పని, తర్వాతే ఇంజన్ పని.

పైసా ఖర్చు లేనిది టైర్ల గాలి. ఎంత కావాలో చెప్పకపోతే పంక్చర్ షాపులో 32, 35 పీఎస్‌ఐ కొట్టేస్తారు. 205/70 ఆర్15 టైర్లతో ఇద్దరే తిరిగే బండికి 24 నుంచి 26 చాలు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

గ్యాస్ షాకప్‌లు వేసిన కొత్తలో సగం జబ్బు వాటితోనే పోయిందనిపించింది. నిజానికి హైవే మీద ఊగుడు తగ్గింది కానీ కంకర రోడ్డు మీద దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. షాకప్ పని ఊపు ఆపడమే. కమాన్ కట్ట కదలకుండా బిగుసుకుపోయి ఉంటే ఎంత ఖరీదైన షాకప్ అయినా చేసేదేం లేదు.

కట్ట బిగుసుకుపోవడానికి కారణం దాదాపు ప్రతిసారీ బుష్‌లే, అంటే కట్ట చివరి కంటిలో ఉండే రబ్బరు గొట్టాలే. కొత్తవి వేసినా ఫలితం రాకపోతే లోపం బిగింపులో ఉంటుంది. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇదే. చాలా వర్క్‌షాపుల్లో బండిని జాకీ మీద లేపి, యాక్సిల్ వేలాడుతుండగానే షాకిల్ (కట్టని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకు) నట్లు పూర్తిగా బిగించేస్తారు. ఈ రబ్బరు బుష్ తిరగదు, మెలి పడుతుంది. లోపల పిన్నునీ బయట కట్ట కంటినీ రెండిటినీ పట్టుకునే ఉంటుంది. గాలిలో బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి పడిపోయి ఇంకో స్ప్రింగులా ఎదురు తంతుంది. కొన్ని నెలలకే చిరిగిపోతుంది.

సరైన పద్ధతి ఇది. పిన్నుల తుప్పు ఎమెరీ పేపరుతో పోగొట్టాలి. బుష్‌లకు సబ్బునీళ్లు రాసి ఎక్కించాలి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు, వాటికి రబ్బరు ఉబ్బుతుంది. నట్లు చేత్తో తిప్పినంతే ఉంచి, బండిని చక్రాల మీదికి దించాలి. నాలుగు మూలలా నొక్కి ఊపి, పది అడుగులు ముందుకీ వెనక్కీ దొర్లించి, మామూలుగా ఎక్కే మనుషుల్ని కూర్చోబెట్టి అప్పుడు ఆఖరి బిగింపు ఇవ్వాలి. కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులకు కొత్త నట్లు వేసి, ఐదొందల కిలోమీటర్లకు మళ్లీ బిగించాలి.

పట్టీల మధ్య గ్రీజు పూయడం నాకు నచ్చదు. మన దుమ్ము రోడ్ల మీద అందులో ఇసుక కలిసి ఆకురాయిలా పట్టీని తినేస్తుంది. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, పట్టీల చివర్ల దగ్గర నైలాన్ ముక్కలు పెడితే చాలు.

ఎగురుడు తగ్గాక కూడా కుదుపు కొంత మిగిలింది. దానికి మందు ఇంజన్‌లో కాదు, సీట్ల కింద దొరికింది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు. మధ్యలో పొట్టి షాఫ్ట్ ఉంటుంది, కేస్ విడిగా మూడు రబ్బరు మౌంటింగ్‌ల మీద ఛాసిస్‌కి వేలాడుతుంది. తొక్కినప్పుడల్లా కేస్ ఒక పక్కకి మెలి తిరుగుతుంది, వదిలితే ఇంకో పక్కకి వస్తుంది. రబ్బరు చచ్చిపోతే ఆ కదలిక అంతా ‘టక్’మనే దెబ్బగా మారుతుంది. చక్రాలకు అడ్డుకర్రలు పెట్టి, ఇంజన్ ఆపి, కేస్‌కి ఉన్న మౌంటింగ్ చేతికీ ఛాసిస్‌కీ మధ్య టామీ రాడ్‌తో తోసి చూడండి. ఇనప రేకు నుంచి ఊడిన రబ్బరు కప్ప నోరులా తెరుచుకుంటుంది. మూడూ ఒకేసారి మార్చాలి. కేస్ సీల్ నుంచి ఆయిల్ కారుతుంటే ముందు ఆ సీల్ మార్చాలి, లేదంటే కొత్త రబ్బర్లూ నానిపోతాయి. మార్చిన రోజు ఒకటో గేరులో బండి కదిలిన తీరు వేరే బండిని తలపించింది. పాలీయురేతేన్ రకం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కానీ గేర్ల కూత లోపలికి వినిపిస్తుంది.

అక్కడే మూడు షాఫ్టుల క్రాస్‌లు (చివర్ల కీళ్లు) కూడా చేత్తో మెలితిప్పి చూడాలి. విప్పేముందు గుర్తులు పెట్టుకోకపోతే ఆ క్రాస్‌లని పట్టుకునే యోక్‌లు అటూ ఇటూ పడి వణుకు మొదలవుతుంది.

ఇంజన్ వైపు పని తక్కువే. యాక్సిలరేటర్ కేబుల్ వదులు రెండు మూడు మిల్లీమీటర్లకు తేవాలి. ఎక్కువ వదులుంటే ముందు ఏమీ కాదు, తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. థ్రాటిల్ బటర్‌ఫ్లై (ఇంజన్‌కి గాలి వదిలే రేకు) అంచు వెనక మసిని కార్బ్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవాలి. దాని స్టాప్ స్క్రూ ముట్టుకోవద్దు. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ సిగ్నల్ వైరుకి మల్టీమీటర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి పెడల్ మెల్లగా తొక్కితే వోల్టేజి ఎక్కడా తెగకుండా పెరగాలి. మధ్యలో పడిపోయి లేస్తే సెన్సార్ మార్చాల్సిందే.

ఒక పట్టీ తీసేయడం గురించి అడిగేవాళ్లున్నారు. ఇద్దరే తిరిగే నా బండికి వెనక ఒకటి తీస్తే బాగుంది. సామాను నింపి ఘాట్ ఎక్కినప్పుడు మాత్రం తోక కిందికి వాలి బంప్ రబ్బరు కొడుతోంది. ఎరువుల బస్తాలు వేసేవాళ్లు, వెనక మనుషుల్ని నింపేవాళ్లు పట్టీల జోలికి వెళ్లొద్దు, బుష్‌లూ మౌంటింగ్‌లతో ఆగండి. నాలుగో గేరులో వేగం గంటకు 25 కిలోమీటర్లకి దిగితే నా బండి ఇప్పటికీ కొంచెం కుదుపుతుంది, అక్కడ గేరు దించడం తప్ప మార్గం లేదు.