వంజంగి కొండ: మేఘం రాని రోజు, వచ్చిన రోజు

పాడేరు పక్కనున్న వంజంగి కొండకు నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి జనవరిలో మిత్రులతో వెళ్లినప్పుడు, కొండ కొసన రెండున్నర గంటలు చలికి వణుకుతూ నిలబడి, పక్కనున్న మనిషి ముఖం తప్ప మరేమీ కనిపించక తిరిగి వచ్చాను. రెండోసారి నవంబరు చివరి వారంలో, అరవై రెండేళ్ల మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు మాత్రం, ఫొటోల్లో అందరూ చూసే ఆ మేఘాల పాలసముద్రం కళ్లెదుట పరుచుకుంది. రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు తోచినది ఒకటే: ఈ కొండను సూర్యోదయం కోసమే చూసి దిగిపోయేవారు దాని విలువలో సగాన్ని అక్కడే వదిలి వస్తున్నారు. ఐదుకు ఎన్ని మార్కులని అడిగితే కొండకు నాలుగున్నర, కొండ చుట్టూ ఉన్న ఏర్పాట్లకు రెండు వేస్తాను.

విశాఖపట్నం నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరుకు సుమారు 110 కిలోమీటర్లు. ద్వారకా బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మలుపులు గట్టివి కాబట్టి, కొండదారిలో చెయ్యి తిరగనివారు రాత్రివేళ సొంత కారు నడపకపోవడం మంచిది. అరకు చూసి వచ్చేవారికి అటునుంచి సుమారు 45 కిలోమీటర్ల దారి. పాడేరు నుంచి వంజంగి ఆరేడు కిలోమీటర్లకు మించదు గనుక, రాత్రికి పాడేరులోనే గది తీసుకుని తెల్లవారుజామున ఆటోలోనో జీపులోనో బయలుదేరడం అన్నివిధాలా సుఖం.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మొదటిసారి మేము కొండ దిగువన ఒక గుడారాల శిబిరంలో దిగాము. ఒక్కో గుడారానికి 1,500 రూపాయలు తీసుకున్నారు. వేడినీళ్లు, కంబళ్లు, చలిమంట అన్నీ ఉంటాయన్నారు. చలిమంట ఉన్న మాట నిజమే గాని, దాని పక్కనే పెట్టిన స్పీకర్లు రాత్రి ఒంటిగంట దాకా ఆగలేదు. కంబళ్లు మంచుకు తడిసి, పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. వేడినీళ్ల సంగతి అడిగితే, కట్టెలు తడిసిపోయాయని చెప్పారు. మూడింటికి లేవవలసిన మనుషులను ఒంటిగంట దాకా మేలుకోబెట్టే ఈ ఏర్పాటు ఎవరి ఆలోచనో నాకు నేటికీ అర్థం కాలేదు. గుడారమే కావాలనుకునేవారు డబ్బు చేతిలో పెట్టేముందు కంబళిని ఒకసారి చేత్తో తాకి చూడాలి.

చెక్‌పోస్టు దగ్గర ప్రవేశ రుసుము కట్టి, వాహనాలు ఆగేచోటు నుంచి పైకి నడవాలి. ఆరోగ్యవంతులకు గంట, నెమ్మదిగా నడిచేవారికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. దారి అంతా ఎర్రమట్టి, రాళ్లు; మంచు పడి నానిన మట్టి మీద నున్నని అడుగున్న బూట్లు నిలవవు. మా అమ్మ ఊతకర్ర ఒకటి సంపాదించి, పది నిమిషాలకోసారి ఆగుతూ, మొత్తానికి పైకి చేరింది. ఆగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తే, కింద మలుపుల్లో టార్చిలైట్లు ఒకదాని వెనుక ఒకటి కదులుతూ దీపాల దండలా కనిపించేవి. ఫోన్ లైటును నమ్ముకోకుండా విడిగా టార్చి తీసుకుని వెళ్లాలి, ఎందుకంటే ఆ చలికి ఫోన్ బ్యాటరీ చూస్తూండగానే దిగిపోతుంది.

ఈ కొండ ఎత్తు సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైమాటే. అయితే ఇక్కడి వింతకు ఎత్తు ఒక్కటే కారణం కాదు. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రుల్లో నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలుల వెంట జారి లోయల్లో చేరుతుంది. దానిపైన కాస్త వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. లోయలో చిక్కిన తేమ పొగమంచుగా మారి ఆ మూత కిందనే పరుచుకుంటుంది కనుక, కొసన నిలబడ్డవారికి మేఘాలు కాళ్ల కింద ఉన్నట్టు కనిపిస్తాయి. వానలు తగ్గి నేలలో ఇంకా తడి మిగిలి ఉండే నవంబరు నుంచి జనవరి దాకా ఇందుకు అనువైన కాలం.

మొదటిసారి మేము మోసపోయింది కూడా ఇక్కడే. మేఘం లోయలో ఆగక కొండ కొసను సైతం కప్పేసింది. మేము మేఘం పైన కాక, దాని లోపల ఉన్నాము. తూర్పున తెల్లవారిందని నలుపు బూడిదరంగుగా మారినప్పుడు తెలిసింది. సూర్యుడు ఎప్పుడు పొడిచాడో తెలియనే లేదు. కనురెప్పల మీద, స్వెట్టరు నూలు మీద సన్నని నీటి బిందువులు నిలిచాయి. దీనికి పూచీ ఇవ్వగలవారు ఎవరూ లేరు. ‘గ్యారంటీగా మేఘాలు కనిపిస్తాయి’ అని చెప్పి బండి ఎక్కించేవారి మాట నమ్మనక్కరలేదు. కుదిరితే పాడేరులో రెండు రాత్రులు ఉండేలా చూసుకుంటే, ఒక ఉదయం పోయినా మరో ఉదయం చేతిలో ఉంటుంది. శని, ఆదివారాలను మాత్రం తప్పించాలి. ఆ రెండు రోజులు కొండ మీద నిలబడటానికి చోటు వెతుక్కోవాలి.

రెండోసారి అదృష్టం కలిసివచ్చింది. ఆరు గంటలకు ముందే తూర్పు అంచు దానిమ్మగింజ రంగుకు తిరిగింది. కింద లోయ మొత్తం దూదిపింజల రాశిలా ఉంది. దూరపు కొండల కొసలు మాత్రం అందులోంచి నల్లగా, దీవుల్లా పైకి తేలాయి. సూర్యుడు తొంగిచూడగానే ఆ తెలుపు మీద పసుపు చాయ పాకింది. జనం ఒక్కపెట్టున కేకలు వేశారు. సెల్ఫీలు తీసుకున్నారు, డ్రోన్ ఒకటి తేనెటీగలా ఝుమ్మంటూ తిరిగింది. మా అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, ‘ఒరేయ్, మేఘాల కొండ అన్నావు సరే, చలి కొండ అని ముందే చెప్పొద్దూ’ అంది. ఏడు దాటేసరికి ముప్పావు వంతు జనం దిగిపోయారు.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. టీ అమ్మే ఆమె ఒకరు, కట్టెల పొయ్యి మీద గిన్నె దించుతూ, ‘అప్పుడే దిగిపోకండమ్మా, ఎండెక్కితే మంచు లేస్తాది, అది చూడాల’ అని మా అమ్మతో చెప్పింది. ఆమె మాట మీదే ఆగాము. ఎనిమిది గంటల ప్రాంతంలో, అంతదాకా చదునుగా, కదలక మెదలక ఉన్న తెల్లని పరుపు నెమ్మదిగా ఉబకడం మొదలుపెట్టింది. నేల వేడెక్కుతున్నకొద్దీ పొగమంచు తునకలుగా తెగి, వాలు వెంబడి పైకి పాకుతూ, చెట్ల మధ్యగా మా దాకా వచ్చి, చెంపలకు తగిలి, మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. తెగినచోటల్లా కింద ఒక్కొక్కటే బయటపడ్డాయి: మొదట ఒక ఇంటి పెంకుల కప్పు, ఆ పక్కన కోతకు వచ్చిన వరిమడి, ఆ తర్వాత వలిసె పూలు పూసిన పసుపు పొలం ముక్క. గంట క్రితం సముద్రం అనుకున్నది ఒక ఊరు. సూర్యోదయం కంటే ఈ గంట నాకు ఎక్కువ నచ్చింది; అప్పటికి కొసన పట్టుమని ఇరవైమంది కూడా లేరు.

అయితే మంచు తొలగినప్పుడు చెత్త కూడా బయటపడింది. నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, కాగితపు కప్పులు రాళ్ల సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి. చెత్తబుట్టలు ఉన్నచోట నిండి పొర్లుతున్నాయి, అవసరమైనచోట లేవు. మరుగుదొడ్ల సంగతి ఇంకా అన్యాయం. పైన ఏమీ లేదు, దిగువన ఉన్నవాటి ముందు బారులు తీరి నిలబడాలి. ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది కాదు. రుసుము తీసుకుంటున్నప్పుడు ఈ రెండు పనులైనా సరిగా జరగాలని కోరడం అత్యాశ కాబోదు. తీసుకువెళ్లిన సంచిలోనే ఎవరి చెత్తను వారు కిందికి తెచ్చుకోవడం ప్రస్తుతానికి మన చేతిలో ఉన్న పని.

దిగేటప్పుడు వెలుతురు ఉంటుంది కనుక, ఎక్కేటప్పుడు చీకట్లో దాటిపోయిన ప్రాంతమంతా చూడవచ్చు. దారి దిగువ భాగంలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్ల మానులను చుట్టుకుని మిరియాల పాదులు ఉంటాయి. ఈ ఏజెన్సీలో గిరిజన రైతులు పండించే కాఫీకి ‘అరకు వ్యాలీ అరబికా’ పేరిట 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేము వెళ్లిన వారం కోత నడుస్తోంది. ఒక ఇంటి ముందు పెద్దాయన ఒకరు చేతిమరలో ఎర్రని కాఫీ పండ్లు పోసి పిడి తిప్పుతుంటే, ఒకవైపు నుంచి తొక్కలు, మరోవైపు నుంచి జిగురు పట్టిన గింజలు బయటికి వస్తున్నాయి. మా అమ్మ అడిగి ఒక పండు తీసుకుని కొరికి, తియ్యగా ఉందని ఆశ్చర్యపోయింది. కాఫీ వాసన రవ్వంత కూడా లేదేమని ఆయన్ని నిలదీసింది. ఆయన నవ్వి, కడిగి, ఎండబెట్టి, వేపితే గాని ఆ వాసన రాదన్నాడు.

పక్కన పరదా మీద ఆరబోసిన గింజలు కోళ్లు చెదరగొట్టకుండా ఒక పిల్లవాడు కర్ర పట్టుకుని కాపలా ఉన్నాడు. కొండ మీదికి ఎప్పుడైనా వెళతావా అని అడిగితే, సెలవుల్లో నీళ్ల సీసాలు అమ్మడానికి వెళతానన్నాడు. పెద్దాయన మాత్రం, వేసవి మొదట్లో తొలివాన పడ్డాక తోటలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూస్తాయని, మల్లెపూల వాసన వేస్తాయని, ఆ రోజుల్లో ఇటు ఎవరూ రారని చెప్పాడు. అప్పుడు మేఘాలు ఉండవుగా అన్నాను. ఉండవు అన్నాడు. పాడేరు నుంచి తిరుగు బస్సు ఎక్కినప్పటి నుంచి మాడుగులలో హల్వా కొనేదాకా, ఆ పూత ఎన్నాళ్లు ఉంటుందో కనుక్కోలేదేమని మా అమ్మ నన్ను తిడుతూనే ఉంది.