నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: క్రీమ్ కంటే చొక్కానే నయం

నా చర్మానికి ఎండ పడదు. ఎండాకాలం మొదట్లో ఒక గంట బయట తిరిగానంటే సాయంత్రానికల్లా ముంజేతుల మీద, మెడ మీద ఎర్రటి పొక్కులు, ఒకటే దురద. చర్మ డాక్టర్ చూసి పాలీమార్ఫస్ లైట్ ఎరప్షన్ అన్నారు. ఎండకి వచ్చే దద్దుర్లేలెండి. అలాగని సైకిల్ మానేయలేను. వారానికి రెండు రోజులు, మూడు నాలుగు గంటల చొప్పున రోడ్డు మీదే ఉంటాను. ఈ నాలుగేళ్లలో క్రీములు, పొడుగు చేతుల చొక్కాలు, టోపీలు చాలానే వాడాను.

మొదటి ఏడాది భారమంతా సన్‌స్క్రీన్ మీదే వేశాను. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి క్రీమ్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50 అని డబ్బా మీద పెద్దగా ఉంటే ఇంకేం కావాలనుకున్నాను. అది మంచి వాసన వేసేది. చెమట పట్టేసరికి నుదుటి మీది క్రీమ్ కళ్లలోకి కారి భగ్గుమనేది. ఒకసారి కళ్లు తెరవలేక సైకిల్ పక్కన పడేసి, ఉన్న తాగే నీళ్లన్నీ కళ్లు కడుక్కోవడానికే వాడేశాను. ఆ తర్వాత డాక్టర్ సలహాతో వాసన లేని జింక్ ఆక్సైడ్ క్రీమ్‌కి మారాను. ఇది కళ్లలోకి పోయినా అంతగా మండదు. చర్మం కూడా గొడవ చేయలేదు. కాకపోతే చిక్కగా ఉంటుంది, ఎంత రుద్దినా ముఖం సున్నం పూసినట్టే కనిపిస్తుంది, నల్ల బట్టలకి తెల్ల మరకలు అంటుతాయి. నేను వెళ్లేది పెళ్లికి కాదు కాబట్టి పట్టించుకోవడం మానేశాను.

అసలు తప్పు ఎంత రాస్తున్నానన్న దగ్గర జరిగింది. ఆ ఎస్‌పీఎఫ్ అంకెని ల్యాబులో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. ముఖానికీ మెడకీ కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతల క్రీమ్ కావాలి. నేను శనగగింజంత రాసుకుని 50 వేసుకున్నాననుకునేవాణ్ని. పైగా సరిగ్గా రాస్తే 30 అన్నది ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల్లో చర్మాన్ని కాల్చే యూవీబీ రకంలో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, 50 అన్నది 98 శాతాన్ని. ఆ ఒక్క శాతం కోసం నేను పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోమంటారు కదా, నిజం చెప్పాలంటే రోడ్డు మీద నేనెప్పుడూ వేళకి రాసుకోలేదు. చెమటా దుమ్మూ కలిసిన చేతి మీద క్రీమ్ రుద్దితే బురద పూసుకున్నట్టే ఉంటుంది.

అందుకే రెండో ఏడాది యూపీఎఫ్ 50 చొక్కా కొన్నాను. యూపీఎఫ్ అంటే బట్ట లెక్క. 50 అని ఉంటే యాభైలో ఒక వంతు యూవీ మాత్రమే లోపలికి వస్తుందని. ఎర్రటి ఎండలో మణికట్టు దాకా చొక్కా ఏమిటని నేనూ అనుకున్నాను. పల్చటి తెల్ల కాటన్ టీషర్టు యూవీని బాగానే లోపలికి వదులుతుందని, తడిస్తే ఇంకా వదులుతుందని తెలిశాక మారు మాట్లాడలేదు. మొదటి రెండు వారాలు ఉక్కగా అనిపించింది, తర్వాత అలవాటైపోయింది. ముంజేతుల మీద పొక్కులు ఆ ఏడాది నుంచే బాగా తగ్గాయి. దీన్ని మళ్లీ మళ్లీ రాసుకోనక్కర్లేదు, మర్చిపోయే పనే లేదు.

లోపాలూ ఉన్నాయి. చెమట వాసన ఎంత ఉతికినా పూర్తిగా పోదు. మెడ దగ్గర జిప్పు లేనిది కొని తప్పు చేశాను, మెడ వెనక క్రీమే దిక్కయింది. చేతి అంచుకి బొటనవేలు దూర్చే కన్నం ఉన్నదైతే చేతి పైభాగం కూడా కప్పుతుంది. నాదానికి లేదు కాబట్టి గ్లవ్‌కీ చొక్కాకీ మధ్య రెండు వేళ్ల వెడల్పున నల్లటి పట్టీ ఒకటి మిగిలిపోయింది. మూడేళ్లకి మోచేతుల దగ్గర బట్ట సాగింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అటుపక్క కనిపిస్తోంది. సాగిన బట్ట యూవీని ఎక్కువగా వదులుతుంది కాబట్టి పక్కన పడేశాను.

చుట్టూ వెడల్పు అంచున్న టోపీ నడకకి బాగుంది, చెవులు కూడా నీడలోకి వస్తాయి. సైకిల్ మీద హెల్మెట్ కాబట్టి అది పనికిరాదు. నా తల మీద జుట్టు అంతంతమాత్రం. ఒక రోజు హెల్మెట్ కన్నాల గుండా ఎండ పడి నెత్తి మీద చారలు చారలుగా కమిలింది. ఇంట్లోవాళ్లు వారం రోజులు నవ్వారు. ఇప్పుడు లోపల పల్చటి బట్ట టోపీ వేస్తున్నాను.

పైసా ఖర్చు లేనిది యూవీ ఇండెక్స్, అంటే ఎండలో యూవీ ఎంత ఉందో చెప్పే అంకె, చూసుకోవడం. ఫోన్‌లో వాతావరణం పక్కనే ఉంటుంది. అది 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే జాగ్రత్త పడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దీనికీ ఉక్కకీ సంబంధం లేదు. నేను బాగా కమిలిపోయింది మబ్బు పట్టి చల్లగాలి వీస్తున్న రోజునే. ఫోన్ లేకపోతే నీడ చూసుకుంటాను, అది నాకంటే పొట్టిగా ఉంటే ఇంటిదారి పట్టాలి. అందుకే తెల్లారకముందే బయలుదేరి, ఎండ ముదిరేలోపు వచ్చేస్తున్నాను.

ఇన్ని చేసినా ఒక ఏడాది చేతులు మండిపోయాయి. చూస్తే అప్పుడు వాడుతున్న డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు కారణం. అవి కొందరి చర్మాన్ని ఎండకి ఇంకా త్వరగా కమిలేలా చేస్తాయి. కొత్త మందు ఏది రాసినా ఇప్పుడు డాక్టర్ని ముందు అదే అడుగుతున్నాను.

పొక్కులు పూర్తిగా పోయాయని చెప్పను. ఎండాకాలం మొదటి రెండు వారాల్లో మెడ మీద కాసిని ఇప్పటికీ వస్తాయి. క్రీమ్‌కి అయిదుకి మూడు, చొక్కాకి నాలుగున్నర ఇస్తాను. ఆ తగ్గించిన అర మార్కు జిప్పుకి. కొత్తది మెడ దాకా మూసుకునేదే తీసుకున్నాను, వచ్చి నెలే అయింది.