స్క్రీన్ 1024 దగ్గరే ఆగిపోతే: ఎక్స్‌రాండరా, ఎక్స్‌ఆర్గ్ ఫైలా?

పర్లాకిమిడిలో మా షాపుకి లినక్స్ మింట్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన పాత కంప్యూటర్లు తెచ్చేవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు. "మాస్టారూ, మానిటర్ మార్చాక అక్షరాలు సాగిపోయాయి. సెట్టింగ్స్‌లో 1024×768 దాటి ఏమీ లేదు. ఎక్స్‌రాండర్ కమాండ్ కొట్టాలా, ఎక్స్‌ఆర్గ్ ఫైలు రాయాలా?" పాతపట్నం వాళ్లదీ, గుణుపురం నుంచి రైల్లో వచ్చేవాళ్లదీ ఇదే ప్రశ్న. ఎక్స్‌ఆర్గ్ అంటే లినక్స్‌లో స్క్రీన్ మీద బొమ్మ చూపించే ప్రోగ్రామ్. ఎక్స్‌రాండర్ అంటే అది నడుస్తుండగానే స్క్రీన్ సైజు మార్చే కమాండ్.

ముందు కేబుల్ చూడండి. మానిటర్ తన కొలతలు చెప్పుకునే ఈడీఐడీ సమాచారం వీజీఏ కేబుల్‌లో 12, 15 పిన్నుల మీదుగా వస్తుంది. చవక కేబుళ్లలో ఆ వైర్లు ఉండకపోవచ్చు, పిన్ను వంగిపోయి కూడా ఉండొచ్చు. ఆ సమాచారం అందకపోతే సిస్టమ్ మామూలుగా 1024×768తో సరిపెట్టుకుంటుంది. 9, 11 పిన్నులు లేకపోయినా పర్వాలేదు. మంచి కేబుల్ మారిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

కేబుల్ మార్చినా కుదరకపోతే అప్పుడు ఈ రెండు దారులు. పని రెండింటిలోనూ ఒకటే: సీవీటీ కమాండ్‌తో మోడ్‌లైన్ (ఒక స్క్రీన్ సైజుకి కావాల్సిన కొలతలూ వేగమూ ఉన్న లైను) లెక్క తీసి సిస్టమ్‌కి చెప్పడం. ఎక్స్‌రాండర్‌లో న్యూమోడ్, యాడ్‌మోడ్ అనే ఆప్షన్లతో ఆ సైజుని (మోడ్‌ని) చేర్చి దానికి మారతాం. ఫైలు దారిలో అదే మోడ్‌లైన్‌ని ఎక్స్‌ఆర్గ్ ఫోల్డర్‌లో శాశ్వతంగా రాసిపెడతాం.

ఫైలుకి ఒక మంచి గుణం ఉంది. లాగిన్ స్క్రీన్ నుంచే బొమ్మ సరిగ్గా వస్తుంది, ఎవరు లాగిన్ అయినా అదే సైజు. నలుగురు వాడే టైపింగ్ సెంటర్‌కి అది సుఖమే.

నేను మాత్రం వేరే సంగతి చూస్తాను. స్క్రీన్ నల్లబడితే, నేను పక్కన లేనప్పుడు, వాడేవాళ్లు తిరిగి రాగలరా? గుణుపురం ట్యూషన్ మాస్టారొకరికి 1440×900కి ఫైలు రాసి ఇచ్చాను. కొన్నాళ్లకి ఆ మానిటర్ పోతే, పాత 15 అంగుళాలది అదే కేబుల్‌కి తగిలించారు. ఆన్ చేస్తే "అవుట్ ఆఫ్ రేంజ్". లాగిన్ కూడా రాలేదు. ఫోన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కించి (అక్షరాలు మాత్రమే ఉండే స్క్రీన్ వస్తుంది), పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్షరాలు కనిపించవని చెప్పి, ఆ ఫైలు పేరు ఒక్కో అక్షరం చదివించి తీయించేసరికి ముప్పావుగంట పట్టింది. అవతల పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆయన గొంతులో టెన్షన్ నాకు వినిపిస్తూనే ఉంది.

ఎక్స్‌రాండర్‌తో ఆ బాధ లేదు. కొట్టినది డిస్క్‌లో ఎక్కడా నిలవదు, రీస్టార్ట్ చేస్తే పాత స్క్రీన్ వచ్చేస్తుంది. నేను ఇంకో జాగ్రత్త కూడా పడతాను. మోడ్ మార్చే కమాండ్ పక్కనే సెమికోలన్ పెట్టి స్లీప్ 15, మళ్లీ సెమికోలన్ పెట్టి 1024×768కి తిరిగొచ్చే కమాండ్, అన్నీ ఒకే లైన్లో కొడతాను. బొమ్మ రాకపోయినా 15 సెకన్లలో అదే వెనక్కి వస్తుంది. రెండు మూడు రోజులు బాగా నడిచాకే ఆ కమాండ్లను హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ప్రొఫైల్‌లో (ఆ యూజర్ లాగిన్ అయినప్పుడు నడిచే ఫైలు) పెడతాను. అప్పుడు మానిటర్ మారి తేడా వచ్చినా లాగిన్ స్క్రీన్ వరకూ కనిపిస్తుంది, ఇంకో యూజర్‌తో లోపలికి వెళ్లొచ్చు. అందుకే కొత్త యూజర్ ఒకటి తయారుచేసి, దానికీ అడ్మిన్ హక్కు ఇచ్చి పంపుతున్నాను.

1366×768 మానిటర్ అయితే ఒక చిక్కు ఉంది. సీవీటీ అడ్డం కొలతను 8తో భాగించబడేలా సర్దుతుంది కాబట్టి 1368 ఇస్తుంది. అంచున గీత తెగినట్టు కనిపిస్తే మానిటర్ మీది ఆటో బటన్ నొక్కండి, చాలాసార్లు సర్దుకుంటుంది.

మిగతావి క్లుప్తంగా. వేలాండ్ (ఎక్స్‌ఆర్గ్ బదులు వాడే కొత్త పద్ధతి) సెషన్‌లో ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ పెట్టడం కుదరదు, ఎక్స్‌ఆర్గ్ ఫైలునూ అది చదవదు. అక్కడ గ్రబ్‌లో (ఆన్ చేయగానే లినక్స్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) కెర్నల్‌కి, అంటే లినక్స్ అసలు గుండెకాయకి, వీడియో అని కొలత ఇవ్వాలి. తప్పయితే బూట్ అప్పుడు గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి ఆ ముక్క తీసేయొచ్చు. గ్రబ్‌లోనే ఇచ్చే నోమోడ్‌సెట్ అనే మాట బొమ్మే రానప్పుడు లోపలికి వెళ్లడానికి మాత్రమే. దాన్ని అలాగే ఉంచితే గ్రాఫిక్స్ మొత్తం నెమ్మదిస్తుంది.

ఆ ట్యూషన్ మాస్టారి కంప్యూటర్‌లో ఇప్పుడు ఫైలు లేదు. ఎక్స్‌ప్రొఫైల్ ఉంది, రెండో యూజర్ ఉంది. ఆ యూజర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సీపీయూ పక్కన అంటించాం.