గింజలా, నీళ్లా, గూడా, పాదా: పిచ్చుకలకు ఏది మేలు?

మార్చి 20న పిచ్చుకల దినోత్సవం అనగానే ఫోన్ నిండా పిచ్చుకల ఫొటోలే. 2010 నుంచి ఏటా జరుగుతున్నదే. ఆ వారమంతా అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు: గింజలు చల్లితే సరిపోతుందా, చెక్క గూడు కొనాలా, గిన్నెలో నీళ్లు పెడితే చాలా, మొక్కలు పెంచాలా అని. నాలుగూ చేయగలిగితే అంతకన్నా ఏం కావాలి! కానీ విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో, వాషింగ్ మెషీన్‌కూ ఆరేసిన బట్టలకూ పోగా మిగిలిన బాల్కనీలో నాలుగూ పట్టవు. ఒకటో రెండో ఎంచుకోవాలి. నన్నడిగితే అందరూ మొట్టమొదట చేసే పని, అంటే గింజలు చల్లడం, వరసలో ఆఖరున ఉండాల్సింది.

ఎందుకంటే పట్నంలో ఊరపిచ్చుకకు కరువు గింజలది కాదు. పెద్ద పిచ్చుక ఏదైనా తింటుంది. బియ్యం కొట్టు ముందు రాలిన నూకలు, టిఫిన్ బండి కింద పడిన ఇడ్లీ తునకలు, బస్టాండులో పిల్లలు పారేసిన బిస్కెట్ పొడి, దేనికీ వంక పెట్టదు. ఇబ్బందల్లా పిల్లలతోనే. గుడ్డులోంచి బయటపడిన పిల్లకు మొదటి రోజుల్లో గింజ అరగదు. పురుగులు కావాలి: మెత్తటి గొంగళ్లు, పేనుబంక, చిన్న చిన్న ఈగలు. రెండో కరువు ఇంటిది. వెనకటి రోజుల్లో పెంకుటిళ్లు ఉండేవి. పెంకు కింద సందు, దూలం పక్కన కన్నం, గోడకు వేలాడే దేవుడి పటం వెనక జాగా, కరెంటు మీటరు పెట్టె పైభాగం, అన్నీ పిచ్చుకవే. ఇప్పటి గోడల్లో వేలు దూరేంత సందు కూడా ఉండదు. ఉంటే మేస్త్రీని పిలిచి మరీ సిమెంటు పెట్టిస్తాం.

సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోతున్నాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. దానికి అంత గట్టి ఆధారమైతే లేదు. 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం మొత్తం మీద దేశంలో పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉంది, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గింది. కాబట్టి పిచ్చుక అంతరించిపోతోందని టెన్షన్ పడక్కర్లేదు. మన వీధిలో ఉందా లేదా అన్నదే చూసుకోవాల్సింది.

ఇక గింజలు. బాల్కనీ గట్టు మీద బియ్యం చల్లితే మొదట వచ్చేది పావురం. రెండోది కూడా పావురమే. నెల తిరిగేసరికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక గూడు, కింది ఫ్లోర్ వాళ్ల బట్టల మీద రెట్టలు, అసోసియేషన్ గ్రూపులో గొడవ. పావురం రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మరీనూ. అందుకే విడి గింజలకు నేను ఓటెయ్యను. గింజలు పెట్టాలనే ఉంటే వరి కుచ్చు, అంటే కాడలతో కలిపి కట్టిన వరి కంకుల గుత్తి, కట్టండి. కృష్ణా డెల్టా ఊళ్లలో వసారా దూలానికీ గుడి మండపంలోనూ కట్టేది అదే. పిచ్చుక కంకిని కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. ఒక గింజ లాగి, ముక్కులో అటూ ఇటూ దొర్లించి, పొట్టు వదిలేసి బియ్యపు గింజ మాత్రమే మింగుతుంది. సాయంత్రానికి కింద పల్చగా ఊక పరుచుకుంటుంది, చీపురుతో ఒక ఊడుపు చాలు. పావురం అలా వేలాడలేదు. కాసేపు చుట్టూ తిరిగి, రెక్కలు టపటపా కొట్టి వెళ్లిపోతుంది. ఉడుత మాత్రం వస్తుంది. దాన్ని ఆపే ఉపాయం ఇంతవరకు ఎవరికీ దొరికినట్టు లేదు.

కుచ్చుకు కావాల్సిన కంకులు ఇప్పుడు దొరకడమే కష్టం. మిషన్ కోత వచ్చాక కాడతో సహా కంకి మిగలడం లేదు. మిషన్ చేలో దిగక ముందే నాలుగు పిడికిళ్లు కొడవలితో కోసి ఉంచమని ఊళ్లో ఎవరికైనా ముందే చెప్పాలి. నీడలో ఆరబెట్టి, కాడలు దగ్గరగా చేర్చి గట్టిగా బిగించి, కంకులు కిందికి వేలాడేలా కట్టాలి. అది కుదరనివాళ్లు సజ్జ కంకులైనా కట్టొచ్చు.

తిండి గురించి ఇంకొక్క మాట, ఇది గుంటూరు వాళ్లకు నచ్చుతుంది. పిట్టలకు మిరప కారం తెలియదు. మన నాలుకను మండించే పదార్థం వాటి నరాలను తాకదు. రామచిలుక పండుమిరపకాయను జామపండులా తినేది అందుకే. కాబట్టి కారప్పొడి అన్నం పెడితే పిట్టకు మంట పుడుతుందన్న భయం అక్కర్లేదు. అసలు చేటు ఉప్పుతో. మిక్చరు, చిప్స్, ఊరగాయ కలిపిన అన్నం పిట్టలకు పెట్టకండి.

నీళ్ల సంగతికొస్తే పోటీయే లేదు, వేసవి మూడు నెలలూ మొదటి స్థానం దానిదే. మే నెలలో విజయవాడ ఎండ 45 డిగ్రీలకు వెళ్తుంది. పిట్టకు చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన కూలర్. పక్కనే కృష్ణ, ఊరి మధ్యలో మూడు కాలువలు ఉండగా నీళ్లకేం కొదవ అంటారు. కాలువలకు నీళ్లు ఆపేసేది సరిగ్గా ఆ ఎండల్లోనే. పైగా పిచ్చుక తన వీధి దాటి ఎక్కువ దూరం పోయే రకం కాదు. స్టీలు గిన్నె వద్దు, గంటలో వేడినీళ్లవుతాయి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, కాలు జారుతుంది. మట్టి మూకుడు కొనండి. రెండంగుళాలకు మించి లోతు ఉండకూడదు, మధ్యలో ఒక రాయి వేస్తే పిచ్చుక దాని మీద నిలబడి తాగుతుంది, స్నానమూ చేస్తుంది. నీడలో పెట్టాలి. రోజూ పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది మళ్లీ నింపాలి. దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పైనే పడుతుంది గనుక రోజూ మార్చే మూకుడులో దోమ పెరగదు. గోరింక, పిగిలిపిట్ట, కాకి అన్నీ ఇక్కడికే వస్తాయి. రోజూ మార్చే ఓపిక లేకపోతే మాత్రం అసలు పెట్టకపోవడమే నయం.

గూడు దగ్గరే జనం ఎక్కువగా డబ్బులు పారేసుకుంటారు. అట్టపెట్టె గూళ్లు పంచిపెడతారు చూడండి, అవి ఒక్క వానకు మెత్తబడిపోతాయి. రంగురంగుల రేకు గూళ్లు చూడ్డానికి బాగుంటాయి, ఎండలో పెనం అవుతాయి. ఉండాల్సింది మందపాటి చెక్క పెట్టె, లేదా పక్కన కన్నం చేయించిన చిన్న మట్టి కుండ. ఈ రెండింటిలో మన ఎండలకు కుండే చల్లన, చెక్కేమో శుభ్రం చేయడానికి వీలు. నేను చెక్క వైపే మొగ్గుతాను, ఎందుకంటే పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసేయకపోతే పురుగు పడుతుంది. కుండలో చెయ్యి దూరదు.

గూడు ఏదైనా అన్నిటికంటే ముఖ్యం కన్నం కొలత. సుమారు 32 మిల్లీమీటర్లు, పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. అంతకంటే పెద్దదైతే గోరింక వచ్చి పిచ్చుకను గెంటేస్తుంది. కన్నం గూడు అడుగు నుంచి కనీసం 12 సెంటీమీటర్ల పైన ఉంటే కాకి ముక్కు పిల్లల దాకా అందదు. కన్నం కింద వాలడానికి పుల్ల బిగించి అమ్ముతారు, అది పిచ్చుకకు అక్కర్లేదు, కాకికి ఉపయోగం. పడమటి గోడకు కట్టొద్దు. తూర్పు గోడకో ఉత్తరపు గోడకో, సన్‌షేడ్ కింద, పిల్లి ఎగిరినా అందనంత ఎత్తున కట్టాలి. హాల్లో కట్టేవాళ్లూ ఉన్నారు. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గదిలో ఆ పని చేయకండి, ఎందుకో చెప్పక్కర్లేదు. గూటి సామాను కోసమని దారాలు, ఊలు ముక్కలు పెట్టడం కూడా మానండి, పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. కొబ్బరి పీచు, ఎండుగడ్డి అది తనే తెచ్చుకుంటుంది.

ఇంత చేసినా గూడు ఖాళీగా ఉండొచ్చు. పిచ్చుకలు పుట్టిన చోటుకు దగ్గర్లోనే బతుకుతాయి, గుంపును వదిలి ఒంటరి చోటికి రావు. మీ వీధిలో ఒక్క పిచ్చుకా లేకపోతే ఎంత ఖరీదైన గూడైనా గోడకు అలంకారమే. గూడు కొనే ముందు రెండు మూడు ఉదయాలు బయట నిలబడి వినండి. కిచకిచలు వినిపిస్తే, మెడ కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక బైకు అద్దంలో తన నీడనే శత్రువనుకుని పొడుస్తూ కనిపిస్తే, అప్పుడు కట్టండి. ఒకటి కాదు, పక్కపక్కన రెండు మూడు. జాగా వెతికేది మగదే. కన్నం దగ్గర కూర్చుని పొద్దస్తమానం ఆడదాన్ని పిలుస్తూ ఉంటుంది.

నాలుగోది మొక్కలు, అందులోనూ ఒక్క మొక్కే చెప్పమంటే చిక్కుడు పాదు. దీనికే నా ఓటు. చిక్కుడుకు నల్ల పేనుబంక పట్టడం పెరట్లో చిక్కుడు వేసిన ప్రతివారికీ తెలుసు. లేత తీగ చివర, పూగుత్తి మీద నల్లగా, జిడ్డుగా, చీమలతో సహా. మనకు అసహ్యం, తల్లిపిచ్చుకకు పిల్లల అన్నం. పాదు దట్టంగా అల్లుకుంటే లోపల దాక్కోవడానికి నీడ, కింద పొడిమట్టి ఉంటే ఒళ్లు దులుపుకోవడానికి మట్టి స్నానం, కాయలు మనకు. మందు మాత్రం కొట్టకూడదు. మరీ ఎక్కువైతే ఆ తీగ చివర తుంచేయండి. కరివేపాకు, నిమ్మ మొక్కల మీద సీతాకోకచిలుక గొంగళ్లు కూడా పిట్టలకు పనికొస్తాయి. క్రోటన్లు, గడ్డి తివాచీ లాంటి లాన్, ప్లాస్టిక్ పచ్చిక, వీటివల్ల పిచ్చుకకు పైసా లాభం లేదు.

ఎవరికి ఏది అంటే, గుంటూరు బ్రాడీపేటలోనో పట్టాభిపురంలోనో కాస్త పెరడున్న సొంతిల్లయితే పాదు, మూకుడు. విజయవాడ వన్‌టౌన్ పాత ఇళ్ల మధ్య ఉంటే పిచ్చుకలు ఇంకా చుట్టుపక్కలే ఉండొచ్చు, అక్కడ గూడు వృథా పోదు. నాలుగో అంతస్తు ఫ్లాట్ అయితే మూకుడు, వీలైతే గ్రో బ్యాగ్‌లో చిక్కుడు, గ్రిల్‌కు అల్లించండి. కుచ్చు ఎవరైనా కట్టుకోవచ్చు, చూసే ఆనందం కోసం.

గూడు కట్టినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పండగ ముందు ఇంటికి రంగులు వేయించడం, ఏసీ సర్వీసింగ్, కొత్త గ్రిల్లు, అన్నీ గూడు చూసుకుని పెట్టుకోండి. గుడ్లు పొదగడానికి 12 రోజులు అటూ ఇటూగా, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. తల్లీతండ్రీ నోట్లో పురుగులు కరుచుకుని తిరుగుతున్నాయంటే లోపల పిల్లలున్నట్టే. పెయింటర్‌కు ఆ ఒక్క గోడ వదిలేసి మిగతావి కానిమ్మని చెబితే సరిపోతుంది.