మిద్దె మీద పెద్ద టమాటా: పొద రకమా, మరుగుజ్జు రకమా?

మహబూబ్‌నగర్‌లో మా మిద్దె మీద 20 లీటర్ల పెయింటు బకెట్లు ఎనిమిది ఉన్నాయి. అరచేయి నిండే బీఫ్‌స్టేక్ టమాటా వాటిలో కాయించాలని మనసు పడింది. ఆ జాతి మామూలుగా ఆరడుగులు దాటి తీగలా సాగుతుంది, మిద్దె మీది గాలికి ఊతకర్రతో సహా పడిపోతుంది. కనుక పొట్టి మొక్కే దిక్కు. అందులో మళ్లీ రెండు దారులు.

బుష్ బీఫ్‌స్టేక్ లాంటి పొద రకాలు మూడడుగుల దగ్గర ఎదుగుదల ఆపేసి, కాపంతా కొద్ది వారాల్లో ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. వీటి పక్క పిలకలు గిల్లకూడదు. గిల్లితే కాపును గిల్లినట్టే. మరుగుజ్జు రకాల తీరు వేరు. లావు కాండం, ముడతలు పడ్డ ముదురాకు, నిదానమైన పెరుగుదల, కానీ ఆగని కాపు. 2005 ప్రాంతంలో అమెరికా, ఆస్ట్రేలియా ఇంటితోటల వాళ్లు కలిసి వీటిని వృద్ధి చేయడం మొదలుపెట్టారు. ఒకచోట చలికాలమైతే మరోచోట ఎండాకాలం కదా, ఏడాదికి రెండు తరాలు పండించుకోవచ్చని వారి లెక్క.

కాపు ఎక్కువ కాలం వస్తుంది కాబట్టి మరుగుజ్జుదే పైచేయి అనిపిస్తుంది. మన పాలమూరులో, నల్లగొండలో ఆ లెక్క తిరగబడుతుంది. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. పెద్దకాయ రకాలకు ఈ బెడద మరీ ఎక్కువ. మార్చి వచ్చాక ఆగని కాపు ఉండి ఏం లాభం? మఖ కార్తెలో నారు పోసి, ఉత్తరలో బకెట్లోకి మారిస్తే డిసెంబరుకు పొద రకం పండుతుంది. నా ఓటు దానికే. రెండు వారాల తేడాతో రెండు విడతలుగా నాటితే పండ్లన్నీ ఒకేసారి మీద పడవు.

నీళ్ల సంగతి మాత్రం రెండింటికీ ఒకటే. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. దానికి తోడు ఒకరోజు ఎండబెట్టి మరునాడు ముంచెత్తితే మొక్కకు కాల్షియం అందక కాయ అడుగు నల్లబడుతుంది. కోడిగుడ్డు పెంకుల పొడి చల్లి ఊరుకుంటే ఆ నలుపు పోదు. రోజూ సమంగా నీళ్లు పోయాలి, పైన ఎండుగడ్డి పరవాలి, దొరికినన్ని నాళ్లు వాన నీళ్లే వాడాలి.

ఇక పప్పుకూ పులుసుకూ అయితే ఈ రెండూ వద్దు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ కాయ వంద గ్రాముల లోపే, కానీ ఆకుముడత వైరస్‌ను, వడలు తెగులును తట్టుకుంటుంది. సంకరం గనుక విత్తనం మాత్రం దాచుకోలేం. పెద్ద టమాటా అందం పచ్చిగా చక్రాల్లా కోసి, ఉప్పూ మిరియాల పొడీ చల్లుకున్నప్పుడే. మా ఇంట్లో అలా తినేది నేనొక్కడినే. అందుకే ఈసారి పొద రకానికి రెండు బకెట్లు, మిగతా ఆరూ రక్షక్‌కు.